దించిన లైటు

అంకమ్మరావు నేరం ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాడని నాకు మధ్యాహ్నం పన్నెండుంబావుకి తెలిసింది. మర్నాడు పదకొండింటికి అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నా చేతిలో ఇరవై మూడు గంటలు కూడా లేవు. అందులో సగం, మేజిస్ట్రేటు గారితో సహా అందరూ గుర్రుపెట్టి నిద్రపోయే గంటలు.

ఆ సంగతి చెప్పింది అతని భార్య అంజమ్మ. స్టేషన్ అరుగు మీద సద్ది గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆమె ఏడవలేదు. నేనూ ఓదార్చలేదు. బర్మా నుంచి వచ్చాక నాకు ఓదార్చడం చేతకావడం లేదు. నాలుగేళ్ళు మిలిటరీ మోటారు వర్క్‌షాపులో చేసి, పోయిన ఏడు నరసరావుపేట తిరిగొచ్చి, 'బాలకోటయ్య, ప్రైవేటు డిటెక్టివ్' అని బోర్డు రాయించుకున్నాను. చావు మాట వింటే లోపల ఏదీ కదలదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, నాకు మనిషి మొత్తం అలా ఉంటుంది. ఈ వృత్తికి అది మంచిదేనని సర్దిచెప్పుకున్నాను.

"అన్నా, నువ్వాయన్ని ఇడిపించక్కర్లా" అంది అంజమ్మ. "నిద్రపోయాడా, పోలేదా? ఆ ఒక్కటి తేల్చు. నిద్రపోతే జైలుకి పోనియ్. తేలకపోతే మాత్రం ఆ మనిషి జైల్లోనూ బతకడు, ఇంట్లోనూ బతకడు."

కేసు నాలుగు ముక్కల్లో ఇదీ. కార్తీకంలో కారెంపూడి వీరుల తిరనాళ్ళు. మూడో రోజు, మందపోరు నాడు, తెల్లవారుజామున జనంతో వెళుతున్న స్పెషల్ బస్సు మూడో మైలు దగ్గర కల్వర్టు మీంచి వాగులో పడింది. ఏడుగురికి కాళ్ళూ చేతులూ విరిగాయి. ఒక్క మనిషి చచ్చిపోయింది. ఆవిడ రాములమ్మ, డ్రైవరు అంకమ్మరావు కన్నతల్లి. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని ఉంది. 'నిద్రపోయి తల్లిని చంపుకున్నాడు' అని ఊరంతా అంటోంది. పది రోజులుగా విని విని అతనూ అదే అంటున్నాడు.

ఏ ఊరో, ఏ స్టేషనో కావాలనే రాయడం లేదు. అక్కడ ఇప్పుడు వేరే ఎస్సై ఉన్నాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు.

లాకప్పులో అంకమ్మరావు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ముప్ఫై రెండేళ్ళవాడు. నుదుటి మీద కుట్లు ఇంకా విప్పలేదు. నేను ఊచల బయట కూర్చుని నోట్‌బుక్కు తీశాను.

"ఎన్నింటికి బయల్దేరారు?"

"నాలుగూ ముప్పయ్యైదు. గ్యాసు బండి గదయ్యా. బొగ్గు రాజుకునే దాకా కదల్దు."

"కల్వర్టు ఎంత దూరం?"

"మూడు మైళ్ళు."

"ఎంత స్పీడులో వెళ్ళావు?"

"గంటకి పన్నెండు మైళ్ళు. అంతకంటే దానికి చేతగాదు."

పదిహేను నిమిషాలు. అంటే బస్సు పడింది నాలుగూ యాభైకి.

"ముందు రోజు రాత్రి ఎంతసేపు పడుకున్నావు?"

"మూడు గంటలు."

"అంతకు ముందు?"

"నాలుగు. తిరనాళ్ళప్పుడు డ్రైవరుకి నిద్రేందయ్యా."

ఎస్సైకి కేసు దొరికింది ఇక్కడే. దొరకడంలో తప్పులేదు. నేనైనా ఇక్కడే వెతికేవాణ్ణి.

"ఎదురుగా ఏదో లైటు వచ్చిందన్నావట. అది చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాల?"

"నాకు ఒకసారి."

అతను గోడకే చెప్పాడు. "దూరాన్నించి వచ్చింది. తెల్ల లైటు. మన బండ్లకుండే పసుపచ్చ లైటు గాదు. పద్ధతి ప్రకారం నేను నా లైటు దించా. ఆయన గూడా దించాడు. ఆయన దించినాకనే నా కళ్ళు పోయినై."

"దించకముందు?"

"బానే కనపడింది. కళ్ళు చికిలించుకోని పోతన్నా. దించంగానే తెల్లగా అయిపోయింది. రోడ్డు లేదు, కల్వర్టు గోడ లేదు. మా అమ్మ 'ఒరేయ్' అన్నది. అంతే."

"తిరగేసి చెబుతున్నావేమో ఆలోచించు. అతను లైటు ఎత్తాడేమో?"

"దించాడయ్యా. నాకు తెలవదా?" మళ్ళీ అదే గొంతుతో, "తెలవదేమోలే" అన్నాడు. "దించిన లైటు కళ్ళల్లో ఎట్టా కొట్టిద్ది? కల వచ్చుంటది. నిద్రలోనే వచ్చుంటది. రేపు ఒప్పుకుంటా. ఒప్పుకుంటే పోద్ది."

మోటారు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. చీకట్లో రెండు బండ్లు ఎదురుపడితే డ్రైవర్లు కాలి దగ్గరున్న మీట నొక్కుతారు. లైటు తల వంచి రోడ్డు మీద పడుతుంది, ఎదుటివాడి కళ్ళు బతుకుతాయి. దించడమంటే మర్యాద. దించిన లైటు కళ్ళు పోగొట్టిందనడం, దణ్ణం పెట్టినవాడు చెంప పగలగొట్టాడనడమే. నేను నమ్మలేదు. నమ్మలేదని అతని మొహం మీద చెప్పలేదు, అంతే.

ఎస్సై గోపాలరావు గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ చెక్కుచెదరని యూనిఫారంలో కూర్చుని కాగితాలు సర్దుతున్నాడు. నా వయసే ఉంటుంది, నలభై లోపు.

"ఏం డిటెక్టివ్ గారూ, గేదెలు తప్పిపోవడం మానేశాయా?"

పోయిన నెల ఒక ఆసామి గేదెని వెతికిపెట్టిన మాట నిజమే. అది ఈయన దాకా వచ్చిందన్నమాట.

"గేదెలు అబద్ధం చెప్పవు. అందుకని తొందరగా దొరుకుతాయి" అన్నాను. "ఎదురొచ్చిన బండి ఏది?"

"ఎదురు బండే లేదు."

"మీకెలా తెలుసు?"

"ఆ రాత్రి కారెంపూడి బందోబస్తు నాది. ఆ రోడ్డు మీదే వ్యానులో తిరిగొచ్చాను. నాలుగూ పదికి స్టేషన్లో దిగాను. నా వెనక ఏ బండీ లేదు. మూడు గంటల నిద్రతో బస్సు తోలాడు, తూగాడు, పడేశాడు. తేలిపోయిన కేసు. కోడిగుడ్డుకి ఈకలు పీకమాకండి."

"డైరీ చూడొచ్చా?"

తిప్పి నా ముందుకి తోశాడు. 'నాలుగూ పది' అని ముత్యాల్లాంటి అక్షరాలు. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు.

"వ్యాను డ్రైవరుతో ఒక మాట మాట్లాడాలి."

"అలీ సాహెబ్ సెలవులో ఉన్నాడు. వాళ్ళ ఊరెళ్ళాడు."

"ఎప్పటినుంచి?"

"బస్సు పడిన మర్నాటి నుంచి. దానికీ ఒక ఈక ఉందా?"

"అంకమ్మరావు ఇచ్చిన వాంగ్మూలం నకలు ఉంటుందిగా. అది ఇప్పించండి, వెళ్ళిపోతాను."

వెళ్ళిపోతానన్నందుకు సంతోషించి ఇచ్చాడు. రెండు పేజీలు. మూడు గంటల నిద్ర ఉంది. పన్నెండు మైళ్ళ స్పీడు ఉంది. 'ఎదురుగా ఏదో వెలుతురు కనిపించింది' అని కూడా ఉంది. 'ఆయన లైటు దించాడు' అన్న మాట మాత్రం లేదు. పిచ్చి మాట గదా, జాలిపడి వదిలేశాడేమో అనుకున్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదొక్కటే. పెద్దదే.

బయటికొచ్చేసరికి సెంట్రీ కానిస్టేబులు యేసుపాదం వసారాలో వేలాడే రైలుపట్టా ముక్క మీద ఒంటిగంట కొట్టాడు. గంటగంటకీ కొట్టడం సెంట్రీ పని. ఊళ్ళో గడియారం లేని ఇళ్ళన్నీ దాన్ని పట్టుకునే బతుకుతాయి.

అతనికి బీడీ ఇచ్చి, జాలి నటించాను. "మందపోరు రాత్రి డ్యూటీ నీదేనటగా. పాపం, ఎస్సై గారు నాలుగింటికి వచ్చి నిన్ను లేపాడట."

"నాలుగేందండీ" అన్నాడు యేసుపాదం. సెంట్రీ నిద్రపోయాడంటే ఏ సెంట్రీకైనా రోషమే. "నేను అయిదు కొడతావుంటే వ్యాను లోపలికొచ్చింది. ఆ లైటు మొహాన పడి లెక్క తప్పా. అయిదింటికి ఆరు కొట్టా. ఎస్సై గారు దిగి 'ఏరా, పొద్దు నీకొక్కడికే ముందు పొడిచిందా' అని నవ్వారు గూడా." అని, నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. బీడీ అలాగే చేతిలో ఉండిపోయింది.

అరుగు దగ్గరికి వెళ్ళి అంజమ్మని అడిగాను. "ఆ పొద్దున గంటలు విన్నావా?"

"విన్నా. ఆరు కొట్టారు. ఇంత చీకటేందని బయటికొచ్చి చూశా. మా వీధిలో అందరూ లేచి పొయ్యిలు ఎలిగించుకున్నారు."

ఊరు ఊరంతా సాక్షి. ఎస్సై స్టేషన్లో దిగింది నాలుగూ పదికి కాదు, అయిదింటికి. నాలుగూ యాభైకి కల్వర్టు దాటితే, పాతిక మైళ్ళ వేగంతో మూడు మైళ్ళు ఏడు నిమిషాలు. అయిదు గంటలు కొట్టే వేళకి స్టేషన్. ఎదురొచ్చిన బండి పోలీసు వ్యానే.

అయితే ఏమిటి? వ్యాను ఎదురొచ్చింది, మర్యాదగా లైటు దించింది, వెళ్ళిపోయింది. అందులో నేరం ఎక్కడుంది? నేరం లేనివాడు డైరీలో గంట ఎందుకు తప్పు రాశాడు? అలీ సాహెబ్‌ని ఎందుకు పంపించేశాడు? యేసుపాదం లెక్క తప్పేంత లైటు ఆ పాత వ్యానుకి ఎక్కడిది?

తెల్ల లైటు. ఊళ్ళో మోటారు లైట్లు ఎవరు చూస్తారని అడిగితే పసిపిల్లలు కూడా ఒకటే షెడ్డు చూపించారు.

ఆ షెడ్డు పిచ్చియ్యది. యాభై ఏళ్ళుంటాయి. చదువు లేదు. చెవి ఆనించి ఇంజను రోగం చెప్పగలడు. షెడ్డులో ఇరుసు విరిగిన లారీ ఒకటి ఉంది. దాని ముందు లైట్లు చూడగానే గుర్తుపట్టాను. మిలిటరీ డిస్పోజల్ సరుకు. బల్బూ, అద్దం, ముందు గాజూ వేరువేరుగా ఉండవు, అంతా ఒకే ముక్క. లోపలికి దుమ్ము పోదు, అద్దం మసకబారదు. యుద్ధం అయిపోయాక అమెరికా వాళ్ళు వదిలేసి వెళ్ళిన బండ్ల నుంచి ఊడదీసి మద్రాసులో గుట్టలుపోసి అమ్మారు.

"ఎన్ని జతలు తెచ్చావు?"

"మూడు. ఎందుకయ్యా?"

"ఎందుకు తెచ్చావో ముందు చెప్పు."

"పాత లైట్లు ఆముదం దీపాలు గదయ్యా. పోయినేడు ఒక లారీ, దీపం లేని ఎడ్ల బండిని గుద్దింది. బండోడు దక్కలా. లైటు బాగుంటే దక్కేవాడు." గోడవైపు చెయ్యి చూపించాడు. గర్వం దాచుకోవడం అతనికి చేతకాలేదు. "అట్టాగని ఎదుటోడి కళ్ళల్లో కొట్టకూడదు గదా. అందుకనే గోడకి సున్నం ఏసి, బండిని ఎనిమిది గజాల దూరాన ఆపి, వెలుతురు యాడ పడేది బొగ్గుతో గీశా. నిండు లైటుకి ఇంటూ గుర్తు, దించినదానికి సున్నా. ఇంత పద్ధతిగా చేసేవాడు గుంటూర్లో గూడా లేడు."

అబద్ధం కాదు. నేనూ చూడలేదు. తెల్ల గోడ మీద ఒక్కో జతకి నాలుగు గుర్తులు. దించిన సున్నాలు, ఇంటూల కన్నా కొంచెం కింద. కొంచెం పక్కన కూడా.

ఆ పక్కన అన్నది చూసి నేను నోట్‌బుక్కు మూసేశాను.

"తలుపులు మూసెయ్. బ్యాటరీ తగిలించు. నిండు లైటు వెయ్యి."

చీకటి షెడ్డులో గోడ ఒక్కసారి తెల్లబడింది. వెలుతురు సరిగ్గా ఇంటూల మీద కూర్చుంది.

"ఇప్పుడు దించు."

టక్కుమంది. వెలుతురు ఒక మెట్టు దిగి, కుడిపక్కకి జరిగి, సున్నాల మీద ఆగింది.

"చూశారా" అన్నాడు పిచ్చియ్య. "పెద్దోళ్ళు ఎదురొస్తే మనం తల వంచుకోని పక్కకి తప్పుకోమా? అట్టా తప్పుకుంటంది. పాత లైట్లకి ఈ గుణం లేదు. ఇంకొక సంగతి. మరీ కిందికి పడితే రోడ్డు మీద పడుకున్న గొడ్లు కనపడవు. అందుకని కింద రేకుముక్క పెట్టి కొంచెం ఎత్తా. ఎత్తినా పక్కకి పోద్ది గదా, ఎదుటోడికి బాధ లేదు."

నేను వెళ్ళి గోడ దగ్గర, సున్నాల ముందు, బస్సు డ్రైవరు కూర్చునే ఎత్తున ఒక డబ్బా మీద కూర్చున్నాను.

"నిండు లైటు వేసి, మళ్ళీ దించు."

నిండు లైటు నా కుడి చెవి పక్కనుంచి పోయింది. కళ్ళు చికిలించుకుంటే పిచ్చియ్య ఆకారం కనిపించింది. తర్వాత టక్కుమంది. ఆ తర్వాత షెడ్డు లేదు, లారీ లేదు, పిచ్చియ్య లేడు. తెలుపు తప్ప ఏమీ లేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఆపమని నేనే అరిచి ఉండాలి.

"పిచ్చియ్యా, ఈ లైటు పుట్టిన దేశంలో బండ్లు రోడ్డుకి కుడివైపు పోతాయి. నేను వాళ్ళ పక్కనే నాలుగేళ్ళు పనిచేశాను. కుడివైపు పోయేవాడికి కుడిపక్కన ఏముంటుంది?"

"గట్టు."

"అందుకని దించితే కుడి గట్టు మీదికి పోయేట్టు చేశారు. మనం ఎడమవైపు పోతాం. మనకి కుడిపక్కన ఎవరుంటారు?"

అతను చేతులు రెండూ ముందుకి చాపి, గాల్లో రోడ్డు చూసుకున్నాడు. ఎడమ చెయ్యి కదిపాడు, కుడి చెయ్యి కదిపాడు. చాలాసేపు పట్టింది.

"ఎదురొచ్చేవాడు" అన్నాడు. అని, అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

అతని మీద నాకు కోపం రాలేదు. తెచ్చుకునే అర్హత కూడా లేదు. నాలుగేళ్ళు ఆ లైట్లు విప్పి బిగించాను, ఒక్కసారి ఈ సంగతి తట్టలేదు. ఫ్రంటులో మాకు లైట్లు వెలిగించే యోగం ఉండేది కాదు. వెలిగిస్తే పైనుంచి బాంబు పడేది.

"అంకన్న మా ఇంట్లో అన్నం తిన్నోడు" అన్నాడు పిచ్చియ్య. "రాములమ్మక్క నన్ను తమ్ముడూ అని... ఏదో అంటన్నా. నోరు తిరగట్లా."

టేపు తీసి గోడ మీద గుర్తుల ఎత్తు కొలిచాను. మొదటి జత నేలనుంచి నలభై అంగుళాలు. రెండో జతా నలభై. రెండూ లారీలు. ఒకటి నా ముందే ఉంది. రెండోది తిరనాళ్ళకి వారం ముందు నుంచి బెజవాడలో ఉందని పిచ్చియ్య చెప్పాడు. మూడో జత ముప్ఫై మూడు అంగుళాలు.

"ఈ పొట్టి బండి ఎవరిది?"

పిచ్చియ్య లేచి బ్యాటరీ తీగలు విప్పసాగాడు.

"ఎవరు పెట్టమన్నారు? ఎవరు తీసెయ్యమన్నారు?"

"ఒద్దయ్యా. పెళ్ళాం బిడ్డలున్నోణ్ణి."

చాలు. కొందరు చెప్పకుండా చెబుతారు.

స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి అయిదు కావస్తోంది. వ్యాను ఆవరణలోనే ఉంది. ఎవరినీ అడగకుండా వెళ్ళి లైటు మధ్యకి టేపు పెట్టాను. ముప్ఫై మూడు. లైట్లు పాతవే, మసకబారిన అద్దాలతో. రేడియేటరు జల్లెడ నిండా దీపపు పురుగులు అతుక్కుని ఎండిపోయి ఉన్నాయి. మడ్‌గార్డుల మీదా ఉన్నాయి. లైట్ల గాజుల మీద ఒక్కటి లేదు. చుట్టూ ఉన్న రింగు సందుల్లోనూ లేదు. ఆ పురుగుల్ని చంపిన లైట్లు వేరే. మరలు కొత్త ఇత్తడివి, నిగనిగలాడుతున్నాయి.

తల ఎత్తేసరికి గోపాలరావు వసారాలో నిలబడి ఉన్నాడు.

"లోపలికి రండి" అన్నాడు. యేసుపాదాన్ని బజారుకి పంపేశాడు. నేను లోపలికి రాగానే వీధి తలుపు మూసి గడియపెట్టాడు. నడుముకి తుపాకీ సంచీ ఉంది, దాని బొత్తాం విప్పి ఉంది. భయపడాలని తెలుసు. భయం మాత్రం రాలేదు.

"చెప్పండి" అన్నాడు.

"అయిదింటికి ఆరు గంటలు కొట్టారు. ఊరంతా విన్నది. మీరు నాలుగూ పదికి రాలేదు."

"సెంట్రీ నిద్రమత్తులో ఏదో కొడతాడు."

"వ్యాను లైటు ఎత్తు పిచ్చియ్య గోడ మీద ఉంది."

"గోడ సాక్ష్యం చెబుతుందా?"

"చెప్పదు. లైట్లు కూడా మీరు తీయించేశారు, ఈపాటికి ఏ బావిలోనో ఉంటాయి. అవేవీ నాకక్కర్లేదు. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి, వెళ్ళిపోతాను." వాంగ్మూలం బల్ల మీద పెట్టాను. "ఎదుటివాడు లైటు దించాక కళ్ళు పోయాయని అంకమ్మరావు మొదటి రోజు నుంచీ చెబుతున్నాడు. నాకు చెప్పాడు. అంజమ్మకి చెప్పాడు. మీకు పదిసార్లు చెప్పి ఉంటాడు. వినేవాడెవడికైనా అది అబద్ధమనే తోస్తుంది. నాకూ తోచింది. అతను అబద్ధాలకోరు అని మేజిస్ట్రేటుకి చూపించడానికి అంతకన్నా మంచి మాట మీకు దొరకదు. అన్నీ రాసుకున్నవారు ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశారు?"

ఆయన ఆ కాగితాలు తిరగేసి పెట్టాడు.

"అది నిజమని తెలిసినవాడే వదిలేస్తాడు."

గోపాలరావు కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తుంటాను. ఈయనకీ పది రోజులుగా లోపల ఏదీ కదలడం లేదు.

"బస్సు పడిందని మాకు తెలియదు" అన్నాడు. "మేం దాటిపోయాం. వెనక్కి చూడలేదు. నవ్వుకుంటూ వచ్చి దిగాం. ఆరు దాటాక కబురొచ్చింది. వెళ్ళాను. ఆ ముసలావిణ్ణి వాగులోంచి నేనే మోసుకొచ్చాను. అప్పుడూ తెలియదు. ఆ సాయంత్రం ఇతను ఇక్కడ కూర్చుని 'ఆయన దించినాకనే' అన్నాడు. ఆ రాత్రి వ్యానుని గోడకెదురుగా పెట్టించి, నేను ఎదురుగా నిలబడి, దించమన్నాను."

"అప్పుడు తెలిసింది."

"అప్పుడు తెలిసింది." చొక్కా బొత్తాం ఒకటి సరిచేసుకున్నాడు. "అలీ దించకుండానే పోయేవాడు. వాడికి నిద్ర వస్తోంది, కాలు కదపడానికి బద్ధకం. నేనే అన్నాను. 'పాపం గ్యాసు బస్సురా, జనం ఉన్నారు, లైటు దించు' అన్నాను. దించమన్నది నేనే."

ఆయన చేసినదాంట్లో మొదటి సగం మంచితనం. రెండో సగం, ఒక మనిషిని తన తల్లి చావుకి తానే కారణమని నమ్మించి పది రోజులు కూర్చోబెట్టడం. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని క్షమించే ఓపిక నాకు లేదు.

"ఈ మాట గడియ పెట్టిన ఆ తలుపు అవతల నేను అనను" అన్నాడు. "అంటే నా ఉద్యోగం పోతుంది, అలీ ఉద్యోగం పోతుంది. రేపు అతను ఒప్పుకుంటాడు. రెండేళ్ళు. అతను ఎలాగూ ఏ బాధా లేని మనిషిలా ఉన్నాడు. ఎక్కడున్నా ఒకటే. మీరు కాదని చెబితే మీకు సాక్షి ఎవరు?"

గదికీ లాకప్పుకీ మధ్య ఉన్నది ఊచల తలుపొక్కటే. పది రోజులుగా గోడవైపు తిరిగి కూర్చున్న మనిషిని ఆయన మనిషిగా లెక్కేయడం మానేశాడు. నిజం చెప్పాలంటే నేనూ మర్చిపోయాను.

ఇనుము చప్పుడైంది. అంకమ్మరావు లేచి ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని తిట్టలేదు. ఆయనకేసి చూడను కూడా లేదు. నుదుటి మీద కుట్ల దగ్గర చర్మం ముడతలు పడింది.

"అయితే నేను నిద్రపోలా" అన్నాడు.

తర్వాత నా వైపు తిరిగాడు.

"బాలకోటయ్య గారూ, నేను మేలుకోనే ఉన్నా. మా అమ్మ 'ఒరేయ్' అన్నప్పుడు నేను మేలుకోనే ఉన్నా. ఆమె పిలిస్తే నాకినపడింది." పది రోజుల ఏడుపు ఒక్కసారి వచ్చింది. వీధిలో జనం ఆగిపోయేంత గట్టిగా ఏడ్చాడు. బయట అరుగు మీదినుంచి అంజమ్మ తలుపు బాదడం మొదలుపెట్టింది.

గోపాలరావు చెయ్యి నడుం మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

"అంజమ్మా" అని కేకేశాడు అంకమ్మరావు, తలుపు అవతలికి వినపడేట్టు. "నేను ఒప్పుకోనే. రేపు ఒప్పుకోను. నేను నిద్రపోలేదే."